రూతమ్మ వీలునామాకు సాక్షులు

కంభం,
11 జూన్ 2024.

సంపూర్ణకు,

కవరు అంటించిన చోట అడ్డంగా నా సంతకం గీసినాను. ఆ గీత ఎక్కడన్నా తెగి ఉంటే దారిలో ఎవరో విప్పినారని అర్థం. ముందు అది చూసుకొని తర్వాత చదువు.

ఫోను ఉండగా ఈ ముసలిది జాబు ఎందుకు రాస్తున్నదని నీకు అనిపిస్తుంది. ఫోను మోగితే నువ్వు స్పీకరు పెట్టి టీవీ పక్కన పెడతావు. పోయిన క్రిస్మస్‌కు నేను తమ్ముడితో మాట్లాడుతుంటే మీ ఇంటి ఓనరు భార్య మధ్యలో దూరి నా మోకాళ్ళ సంగతి అడిగింది. నా మోకాళ్ళతో ఆమెకేం పని. కాగితం అయితే నువ్వు చదువుతావు, తమ్ముడికి చెబుతావు, అంతటితో సరి.

సంగతి ఇది. నాకు మే నెలతో డెబ్బై ఒకటి నిండినాయి. వీలునామా రాయాలనుకుంటున్నాను. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే వెంకటసుబ్బయ్యను పిలిపించి మాట్లాడినాను. ఈ ఇల్లు నా జీతంతో కొన్న స్థలంలో నా జీతంతో కట్టుకున్నది కాబట్టి, నా ఇష్టం వచ్చినవాళ్ళకు రాసుకునే హక్కు నాకుందని చెప్పినాడు. నాలుగు వైపులా హద్దులు, ఇంటి నంబరు, చివరికి బోరు ఎవరికి చెందుతుందో కూడా రాయాలంట. మతి సరిగ్గా ఉందని డాక్టరు సర్టిఫికెట్టు కూడా తీసుకోమన్నాడు. ముప్పై మూడేండ్లు ఊరూరా తిరిగి పిల్లలకు టీకాలు వేసినదానికి ఇప్పుడు మతి ఉందో లేదో ఇంకొకరు రాసివ్వాలి. సరే, అది కూడా తెచ్చుకున్నాను.

ఇంత జాగ్రత్త ఎందుకో నీకు తెలుసు. గిద్దలూరు ఆసుపత్రిలో అమ్మకు స్పృహ లేని రోజున అన్న సంజీవరావు ఆమె చెయ్యి పట్టుకొని వేలిముద్ర వేయించుకున్నాడు. బేస్తవారిపేట పొలం ఆ ముద్రతోనే పోయింది. పనైపోగానే అమ్మను తెచ్చి మీ ఇంట్లో దించినాడు. నేను పోయినాక నా ఇంటికి ఆ గతి పట్టకూడదు.

ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు పాస్టరు పేతురయ్య. రెండో సాక్షిగా తమ్ముడు ఏబేలు ఉండాలి. 24వ తేదీ సోమవారం పొద్దున రైలుబండికి పంపించు. ఆధారు కార్డు మరిచిపోవద్దు. లోపల ఏం రాసినానో అడగొద్దు, వాణ్ణి అడగనియ్యొద్దు. అన్నకు తెలియనియ్యొద్దు.

చదివినాక ఈ జాబును పొయ్యిలో వెయ్యి.

మీ ఆడబిడ్డ,
రూతమ్మ

---

కురిచేడు,
20 జూన్ 2024.

వదినకు వందనాలు.

మీ జాబు అందింది. గీత తెగలేదు. అయినా మా పోస్టుమాన్ కవరును అటూ ఇటూ తిప్పి చూసి, ఏందమ్మా ఇది కోర్టు కాగితమా అని అడిగినాడు. గీత గియ్యకుండా ఉంటే వాడు చూసేవాడే కాదు.

మీరు వీలునామా రాస్తున్నారని చదివి నాకు మనసు ఏదోగా అయింది. ఇప్పుడు మీకేమైందని. మీరు మాకందరికంటే గట్టిగా ఉన్నారు. జ్వరం వచ్చిన రోజుల్లో బాడుగకున్న పద్మజ గంజి కాచి ఇస్తున్నదని విన్నాను. మంచి పిల్ల. బాడుగకు ఉంటూ సొంత మనిషిలా చూసుకునేవాళ్ళు ఈ కాలంలో ఎక్కడ దొరుకుతారు.

మీ తమ్ముడు 24న రాలేరు. మోకాలు వాచింది. ముప్పై ఏండ్లు పట్టాల వెంట నడిచిన కాళ్ళు కదా, ఇప్పుడు గుమ్మం దాటడానికి కూడా గోడ పట్టుకుంటున్నారు. మీరు ఆ కాగితాన్ని పోస్టులో పంపితే ఇక్కడే సంతకం పెట్టించి తిరిగి పంపిస్తాను. సంతకమే కదా.

ఇంకో మాట. మా ఓనరు మేడ కట్టుకోవాలంట, దసరా లోపల ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. రైల్వే క్వార్టరు వదిలినాక ఇది మూడో ఇల్లు. దొనకొండలో కూతురు రమ్మంటుంది గానీ, అల్లుడి ఇంట్లో ఎన్నాళ్ళు ఉంటాం. మీకు చెప్పి ఇబ్బంది పెట్టాలని కాదు, మాట వచ్చింది కాబట్టి రాసినాను.

జాబు పొయ్యిలో వెయ్యమన్నారు. మాది గ్యాస్ స్టవ్వు. చించినాను.

మీ మరదలు,
సంపూర్ణ

---

కంభం,
27 జూన్ 2024.

సంపూర్ణకు,

నీ కవరు మీద రెండుసార్లు గమ్ము పూసిన మరక ఉంది. ఒకసారి అంటించి, మళ్ళీ విప్పి, మళ్ళీ అంటించినావు. బాడుగిల్లు సంగతి చివర ఇరికించి రాసినదాన్ని చూస్తే, అది రెండోసారి విప్పినప్పుడు రాసినట్టే ఉంది. నేను రిజిస్టర్లు రాసి బతికినదాన్ని. ఏ లైను ఎప్పుడు రాసినారో చూస్తే తెలుస్తుంది.

కాగితం పోస్టులో పంపను. నువ్వు చదువుతావని ఒక్కటే కారణం కాదు, అదీ ఒక కారణమే. వెంకటసుబ్బయ్య గట్టిగా చెప్పినాడు. నేను సంతకం పెట్టేది సాక్షి కళ్ళతో చూడాలి. సాక్షి పెట్టేది నా ఎదుటే పెట్టాలి. ఎదుట పెట్టని సాక్షి సంతకం చెల్లదు. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చొని పెట్టుకునేదైతే దానికి సాక్షి అని పేరెందుకు.

పద్మజ ఊసు ఎందుకు ఎత్తినావో నాకు అర్థమైంది. ఆ పిల్ల నెలనెలా బాడుగ ఇస్తుంది, నేను తీసుకుంటాను. గంజి కాచినందుకు ఇల్లు రాసిచ్చేదాన్నయితే ఈపాటికి నాకు పది ఇండ్లు ఉండాలి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ జాబు.

మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టించు. వాపు తగ్గినాక ఏ సోమవారమైనా సరే. నేను ఎదురు చూస్తుంటాను.

రూతమ్మ

---

కురిచేడు,
8 జులై 2024.

వదినకు,

గమ్ము రెండుసార్లు పూసింది నిజమే. మొదటిసారి కవరులో ఉత్తరం పెట్టడం మరిచి ఉత్త కవరు అంటించినాను. నమ్మితే నమ్మండి.

మోకాలు కొంచెం తగ్గేసరికి ఆయనకు జ్వరం పట్టుకుంది. మంచం దిగడం లేదు. అందుకే ఇప్పుడప్పుడే రాలేరు.

ఇక మీరు మొహమాటం లేకుండా రాసినారు కాబట్టి నేను కూడా రాస్తాను. మా ఇంటి ఓనరుకు కోర్టు సంగతులు తెలుసు. పేర్లు చెప్పకుండా ఆయన్ను అడిగినాను. ఆయన నవ్వి, పొలం అమ్మేటప్పుడు కొడుకుల చేత సాక్షి సంతకం పెట్టించేది ఎందుకమ్మా, రేపు నాకు తెలియదు, నాకు వాటా ఉందని నోరెత్తకుండా ఉండేదానికే కదా అన్నాడు. మా పుట్టింట్లో కూడా అట్లనే జరిగింది. మా నాయన చెలక అమ్మినప్పుడు మా అన్నను కూర్చోబెట్టి సాక్షిగా సంతకం పెట్టించినారు. ఆ సంతకంతో వాడికీ చెలకకూ తెగిపోయింది. సాక్షి సంతకం అడిగినారంటే ఆస్తిలో భాగం లేదని చెప్పినట్టే. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అడగొద్దన్నారు గానీ అడుగుతున్నాను. మీ తమ్ముడి నోరు కట్టెయ్యడానికి పిలుస్తున్నారా. బావగారు అత్తమ్మ వేలు పట్టుకొని ముద్ర వేయించినాడు. మీరు తమ్ముడి చేతికి మీ పెన్ను ఇచ్చి సంతకం పెట్టిస్తారు. ఆయనకు తేడా తెలియదు. అక్క అడిగిందంటే ఉత్త కాగితం మీద కూడా పెట్టి వస్తాడు. తేడా నాకు తెలుసు.

కోపం వస్తే క్షమించండి. దసరాకు ఇంక మూడు నెలలే ఉంది.

సంపూర్ణ

---

కంభం,
15 జులై 2024.

సంపూర్ణకు,

మంచం దిగని మనిషి ఈ నెల ఆరో తేదీ శనివారం మార్కాపురం బస్టాండులో మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. పాస్టరు పేతురయ్య ఆ రోజు పలకల ఫ్యాక్టరీ కార్మికుల ప్రార్థన కూటానికి పోయి, వస్తూ చూసినాడు. తమ్ముడు ఆయనకు వందనం చెప్పి, రెండు బజ్జీలు కూడా పెట్టినాడంట. మోకాలు ఎట్లుందని పాస్టరు అడిగితే, ఏ మోకాలు అయ్యగారూ అన్నాడంట.

నాకు ఇంకేం చెప్పాల్సిన పని లేదు.

ఓనరును అడిగినావు, మీ నాయన చెలకను తవ్వినావు. నా తమ్ముణ్ణి సాక్షిగా ఎందుకు అడుగుతున్నానని నన్ను ఒక్క మాట మంచిగా అడగలేదు. 1987లో నీ పెండ్లి జరిగిన చర్చి పుస్తకంలో పెండ్లికొడుకు తరఫు సాక్షి అన్నచోట ఎవరి సంతకం ఉందో గుర్తు చేసుకో. ఆ రోజు నీ నోరు కట్టెయ్యడానికి పెట్టినానా.

వాడు రాకపోతే నాకు వేరే సాక్షులు దొరకరని కాదు. కంభంలో నా చేతిమీద పుట్టినవాళ్ళు వెయ్యిమంది ఉన్నారు. అయినా ఈ నెలాఖరు దాకా చూస్తాను. వాణ్ణి ఆపుతున్నది జ్వరం కాదని నాకు తెలుసు, నీకు తెలుసు.

రూతమ్మ

---

కురిచేడు,
2 ఆగస్టు 2024.

రూతమ్మగారికి,

మీరు గెలిచినారు.

సోమవారం ఆయన పెన్షను పని ఉందని, మార్కాపురం బ్యాంకుకు పోయి వస్తానని చెప్పి పొద్దున బండి ఎక్కినారు. సాయంత్రం చేతిలో చేపల సంచితో వచ్చినారు. ఆ చేపలు ఏ చెరువువో నాకు తెలియదా. ముప్పై ఏడేండ్ల కాపురంలో కంభం నుంచి వచ్చిన ప్రతిసారీ నేను తోమిన చేపలే అవి. బ్యాంకులో చేపలు కూడా ఇస్తున్నారా అని అడిగితే, సంచి నా చేతికిచ్చి కాళ్ళు కడుక్కోవడానికి పోయినారు.

రాత్రి అన్నం దగ్గర చెప్పినారు. అక్క సంతకం పెడితే చూసినాను, నేను పెడితే అక్క చూసింది, అక్క కండ్లనీళ్ళు పెట్టుకుంది అన్నారు. అందులో ఏముందని అడిగితే, చదవలేదు, సాక్షి చదవనక్కరలేదని వెంకటసుబ్బయ్య చెప్పినాడు అన్నారు. మీ పేరుందా అని అడిగితే, "లేదు, ఉండకూడదంట. అక్కే చెప్పింది" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా ఆ మనిషి మొహంలో సంతోషమే. నేను చేపల కూర తినలేదు.

ఇంక దాచుకునేది ఏమీ లేదు కాబట్టి పదకొండేండ్లుగా గొంతులో అడ్డం పడిన మాట చెబుతున్నాను. బావగారు దించిపోయిన అత్తమ్మను నాలుగేండ్లు ఆ క్వార్టరులో నేను చూసినాను. ఎత్తి కూర్చోబెట్టినాను, కడిగినాను, నోట్లో ముద్ద పెట్టినాను. మీరు ఆదివారం ఆదివారం బండి దిగి వచ్చేవాళ్ళు. వచ్చి మీ అమ్మ మొహం చూడకముందే అలమర తెరిచి మాత్రల అట్టలు తీసేవాళ్ళు. వేలు పెట్టి లెక్కపెట్టేవాళ్ళు. నేను మాత్రలు మింగించకుండా పారేస్తున్నానేమోనని. వాకిట్లో నిలబడి చూస్తూ ఉండేదాన్ని. ఒక్క ఆదివారం కూడా లెక్క మానలేదు మీరు. ఒక్క ఆదివారం కూడా, సంపూర్ణా బాగా చూస్తున్నావు అనలేదు.

ఆ ఇల్లు పద్మజకు రాసుకుంటారో, చర్చికి రాసుకుంటారో మీ ఇష్టం. లేదంటే మీ నెత్తినే పెట్టుకోండి. మేము దసరాకు ఎక్కడో ఒక చోట తల దాచుకుంటాం. ఈ చిరునామాకు ఇంక రాయొద్దు.

సంపూర్ణ

---

కంభం,
9 ఆగస్టు 2024.

సంపూర్ణా,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, నకలు. దీంతోపాటు వీలునామా జిరాక్సు పెట్టినాను. రెండో పేజీలో కింది నుంచి నాలుగో లైను చదువు. చదివినాక ఈ కాగితానికి తిరిగి రా.

చదివినావు కదా. ఇల్లు, స్థలం, బోరు, వెనకనున్న వేపచెట్టుతో సహా నీ పేరున ఉంది. ఏబేలు భార్య సంపూర్ణకు అని.

సాక్షిగా ఉండేవాడికి ఆస్తి రాయకూడదని వెంకటసుబ్బయ్య మొదటి రోజే చెప్పినాడు. అందుకే తమ్ముడి పేరు పెట్టలేదు. నిజం చెప్పాలంటే సాక్షి కాకపోయినా పెట్టేదాన్ని కాదు. వాడు మంచివాడు, అదే వాడితో వచ్చిన చిక్కు. రేపు అన్న గిద్దలూరు నుంచి వచ్చి గుమ్మంలో కూర్చొని ఏడిస్తే, తీసుకోన్నా అని తాళం ఇచ్చేస్తాడు. నువ్వు ఇయ్యవు. నీకు అనుమానం ఎక్కువ. ఆస్తి నిలబెట్టుకోవాలంటే అది ఉండాలి.

మాత్రల సంగతి రాసినావు. అవును, లెక్కపెట్టినాను. నిన్ను నమ్మకనే లెక్కపెట్టినాను. కోడళ్ళు ముసలివాళ్ళకు మందులు ఎట్ల ఎగ్గొడతారో నా ఉద్యోగంలో ఎన్నో ఇండ్లలో చూసినాను. నాలుగేండ్లు, ప్రతి ఆదివారం లెక్కపెట్టినాను. ఒక్క మాత్ర తప్పలేదు. ఒక్క పూట కూడా. చివరి వారం అమ్మ మింగలేకపోతుంటే నువ్వు పొడి చేసి తేనెలో కలిపిన గిన్నె కూడా చూసినాను. అందుకే ఇల్లు నీకు. ఆ మాట అప్పుడే నోటితో అనాల్సింది. అనలేదు. నాకు ఆ అలవాటు లేదు.

తమ్ముడే సాక్షిగా ఎందుకని నువ్వు అడగలేదు, నేనే చెబుతాను. చర్చి పుస్తకంలో పెండ్లికూతురి తరఫున ఆమెకు అందరికంటే దగ్గరివాళ్ళు సంతకం పెడతారు. నేను ఎంతోమంది పెండ్లిళ్ళకు సాక్షి సంతకం పెట్టినాను. నాకు పెండ్లి కాలేదు. డెబ్బై ఒక్క ఏండ్లలో నా తరఫున, నా మనిషినని ఒకరు సంతకం పెట్టిన కాగితం ఒక్కటీ లేదు. ఉద్యోగం కాగితాల్లో అంతా నేనే పెట్టుకున్నాను. ఈ ఒక్కదానిలో నా తమ్ముడు నా పక్కన కూర్చొని పెట్టాలని ఆశపడినాను. సోమవారం పెట్టినాడు. వాడు ఏబేలు అని రాయడానికి ఎంత సేపు తీసుకుంటాడో నీకు తెలుసు. అంతసేపూ నేను చూసినాను.

చేపల కూర తినకపోవడం నీదే నష్టం. కిలో ఏరి ఏరి కొన్నాను.

రూతమ్మ

---

కురిచేడు,
26 ఆగస్టు 2024.

వదినా,

మీ జాబు వచ్చి పన్నెండు రోజులైంది. ఐదుసార్లు రాయడానికి కూర్చున్నాను. సిగ్గు వల్ల కలం సాగలేదు. పోయిన ఉత్తరంలో రాసిన మాటలకు మీ కాళ్ళు పట్టుకోవాలి. అది ఎదురుగా చేస్తాను, కాగితం మీద కాదు.

కానీ ఆలస్యానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. నా బుద్ధి మీకు తెలుసు, దాచను. జిరాక్సు చూసి ఏడ్చినాను. ఏడుపు అయినాక అనుమానం వచ్చింది. ఇది నిజం కాగితమేనా, నన్ను ఊరుకోబెట్టడానికి వేరేది పంపించినారా అని. ఆయనకు చెప్పకుండా మార్కాపురం పోయినాను. అక్కడ అనురాధ అని ఒక లాయరమ్మ ఉంది. తెలిసినామె కాగితం అని చెప్పి చూపించినాను.

ఆమె మొదటి పేజీ చదివి, వీళ్ళు క్రైస్తవులా అని అడిగింది. అవునన్నాను. రెండో పేజీ చదివి, సాక్షి ఏబేలు ఈ సంపూర్ణకు ఏమవుతాడని అడిగింది. భర్త అన్నాను. కాగితం బల్లమీద పెట్టేసింది.

క్రైస్తవుల వీలునామాలో సాక్షికి రాసిన ఆస్తే కాదు, సాక్షి భార్యకు గానీ భర్తకు గానీ రాసింది కూడా చెల్లదంట. అరవై ఏడో సెక్షను అని పుస్తకం తీసి చూపించింది. హిందువుల వీలునామాలకు ఆ సెక్షను లేదు, ఈ రాసినాయన ఎక్కువగా అవే రాస్తుంటాడేమో, అందుకే తెలియలేదు అని చెప్పింది. వీలునామా ఉంటుంది గానీ, అందులో నాకు రాసిన ఇల్లు మాత్రం రాయనట్టే. అప్పుడు మీ తర్వాత ఇల్లు మీ అన్నదమ్ములిద్దరికీ సమానంగా పోతుంది. అంటే సగం బావగారిది.

నేను మీ తమ్ముణ్ణి అబద్ధాలాడి ఆపినాను. అట్లనే ఆగి ఉంటే ఇల్లు నిలిచేది. చేసింది తప్పు, ఫలితం ఒప్పు. దీనికి నవ్వాలో ఏడ్వాలో తెలియడం లేదు.

ఇప్పుడు నా గతి చూడండి. ఇల్లు నెత్తిన పెట్టుకోండి అని రాసిన చేత్తోనే, వీలునామా మార్చండి అని రాయాలి. రాస్తే, ఆస్తి అనేసరికి ఎట్ల వచ్చిందో చూడు అనుకుంటారు. మీరు ఆశపడి పెట్టించుకున్న సంతకాన్ని నేను కొట్టేయించాలని చూస్తున్నానని కూడా అనుకోవచ్చు. రాయకపోతే అత్తమ్మ పొలం పోయిన దారినే మీ ఇల్లు పోతుంది. ఆయనకు ఇంకా చెప్పలేదు. తన సంతకం వల్ల ఇల్లు పోయిందని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడు.

నాకు ఇల్లు కావాలి వదినా. నలభై ఏండ్లలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. నాదని చెప్పుకునే గోడకు ఒక మేకు కొట్టుకోవాలని ఉంది. అయినా మీరు మార్చకపోతే అడగను. ఆ సంతకం మీకు ఎంతో చదివినాక, దాన్ని తీసెయ్యమని అడిగే నోరు నాకు లేదు. తెలిసింది చెప్పినాను, అంతే.

సంపూర్ణ

---

కంభం,
12 సెప్టెంబర్ 2024.

సంపూర్ణా,

నీ జాబు చదివి ముందు నాకు అనుమానమే వచ్చింది. తమ్ముడి సంతకం మీద కసితో సెక్షన్లు కల్పిస్తున్నావేమో అనుకున్నాను. వెంకటసుబ్బయ్యను అడిగితే తల గోక్కున్నాడు. పద్మజకు కూడా చెప్పకుండా బస్సెక్కి మార్కాపురం పోయినాను. ఆ అనురాధ ఆఫీసు వెతికి, తెలిసినామె కాగితం అని చెప్పి చూపించినాను. ఆ పిల్ల కళ్ళజోడు తీసి, పోయిన నెల కురిచేడు నుంచి ఒకామె ఇదే కాగితం తెలిసినామెదని తెచ్చింది, ఆ తెలిసినామె మీరేనా అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మన ఇద్దరికీ ఒకే బుద్ధి అని ఆ పిల్లకు కూడా తెలిసిపోయింది.

నువ్వు చెప్పింది అక్షరాలా నిజం.

నువ్వు మాట్లాడకుండా ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నేను పోయినాక అన్న వచ్చి తాళం పగలగొట్టేవాడు. ఆ ఉత్తరం రాయడానికి నీకెంత కష్టమైందో నాకు తెలుసు. సిగ్గు చంపుకొని నిజం చెప్పేవాళ్ళను నా ఉద్యోగంలో కూడా తక్కువే చూసినాను.

కొత్త వీలునామా అనురాధ దగ్గరే రాయించినాను. సాక్షులు పాస్టరు పేతురయ్య, మతి సర్టిఫికెట్టు ఇచ్చిన డాక్టరు. ఇద్దరికీ గానీ వాళ్ళ భార్యలకు గానీ నా చెంబు కూడా రాయలేదు. నిన్న రిజిస్టరు కూడా చేయించినాను. చివరి తేదీ ఉన్నదే నిలబడుతుంది, పాతది చించెయ్యమని అనురాధ చెప్పింది. ఇంటికి వచ్చి చించినాను.

కింది ముక్క చించలేకపోయినాను. తమ్ముడి సంతకం ఉన్నంత మేర కత్తెరతో కత్తిరించి బైబిల్లో రూతు గ్రంథం దగ్గర పెట్టుకున్నాను. అది దేనికీ చెల్లదని నాకు తెలుసు. చెల్లే కాగితంలో నా తరఫున ఒక డాక్టరూ, ఒక పాస్టరూ ఉన్నారు. ఏం చేస్తాం. ఇల్లు నిలబడాలి కదా. తమ్ముడికి ఈ సంగతి చెప్పొద్దు. వాడు సంతోషంగా ఉండనీ.

పద్మజకు గిద్దలూరులో పోస్టింగు వచ్చింది. ఈ నెలాఖరుకు ముందరి గది ఖాళీ అవుతుంది. బాడుగకు ఇవ్వాలంటే నమ్మకమైనవాళ్ళు ఎవరూ కనపడటం లేదు. ఊరికే తెలియజేస్తున్నాను.

రూతమ్మ

---

కురిచేడు,
21 సెప్టెంబర్ 2024.

వదినా,

మీ ఉత్తరం నేను దాచిన చోట నుంచి తీసి ఆయన చదివినారు. ఆయనకు చెప్పకుండా నేను మార్కాపురం పోయినదానికి ఇది జవాబంట. తర్వాత మనవరాలి నోటుబుక్కు నుంచి ఒక కాగితం చించి తెచ్చి, "నా సంతకం చెల్లే కాగితం ఒకటి రాయి" అన్నారు.

నేను రాసినాను. మా ఓనరును అడగలేదు, లాయరమ్మను అడగలేదు. అది దీంతోపాటు పెడుతున్నాను.

*కంభంలో కాపురం ఉండే రిటైర్డు నర్సు రూతమ్మ ఒంటరి మనిషి కాదు. ఆమెకు తమ్ముడు ఉన్నాడు, మరదలు ఉంది. ఇది మేము ఎరిగిన నిజం. ఈ కాగితం వల్ల మాకు వచ్చే ఆస్తి ఏమీ లేదు.*

*సాక్షులు:*
*1. ఏబేలు*
*2. సంపూర్ణ*

సంతకాలు మావే. ఆయన తన పేరు రాయడానికి ఎంతసేపు తీసుకున్నారో నేను కూడా చూసినాను.

మీ మరదలు,
సంపూర్ణ

---

కంభం,
28 సెప్టెంబర్ 2024.

సంపూర్ణకు, తమ్ముడికి,

కాగితం అందింది. కవరు సరిగ్గానే ఉంది. నాలుగుసార్లు చదివినాను. కళ్ళజోడు మసకగా ఉండి, ఐదోసారి పద్మజ చేత చదివించుకున్నాను.

అయితే ఇది చెల్లదు. వెంకటసుబ్బయ్య చెప్పింది మొదట్లోనే రాసినాను, మీరు సరిగ్గా చదవలేదు. సాక్షులు పెట్టే సంతకం నా ఎదుట పెట్టాలి. ఇది కురిచేడులో కూర్చొని పెట్టినారు, నేను చూడలేదు.

కాబట్టి దసరా దాకా ఆగకుండా సామాను తీసుకొని వచ్చి, ఇద్దరూ నా ముందర కూర్చొని మళ్ళీ పెట్టండి. పెన్ను నా దగ్గర ఉంది.

రూతమ్మ